ఔటర్ సిగ్నల్ దగ్గర ఉపాధి కేంద్రం

నాకు ఇరవై ఏడేళ్లు. సర్వే ఉద్యోగం నుంచి రిటైరై మూడేళ్లయింది. రిటైర్మెంట్ అన్న మాట నేను వాడితే మా ఇంట్లో నవ్వుతారు గానీ, ఒక పనిలోకి ఈ జన్మకి మళ్లీ వెళ్లకూడదని తేల్చుకున్నాక దానికి ఇంకేం పేరు పెట్టాలో నాకు తెలియదు. ఈమధ్య మా కాలేజీ జూనియర్లు ఇద్దరు అలాంటి కంపెనీలోనే చేరబోతూ, "అక్కా, ఫీల్డ్ వర్క్ ఎలా ఉంటుంది?" అని మెసేజ్ పెట్టారు. అది మెసేజ్‌లో చెప్పే సంగతి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివాక కూడా చేరతామంటే చేరండి, నేను ఆపను.

ఊళ్లలో ఉపాధి ఎలా ఉందో కనుక్కుని ప్రభుత్వానికి రిపోర్టు ఇవ్వడం మా కంపెనీ పని. ఫోన్లో ఒక యాప్ ఉండేది. ఉద్యోగం చేసే ప్రతి మనిషిని పద్దెనిమిది ప్రశ్నలు అడిగి ఫారం నింపితే, ఆ మనిషి పనిచేసే చోట మ్యాపు మీద ఒక ఎర్ర చుక్క పడుతుంది. చుక్కలు ఎక్కువున్న చోటికి షెడ్లు, రోడ్లు, శిక్షణ కేంద్రాలు వస్తాయని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. చుక్కలు లేని చోటికి ఏమొస్తుందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ క్లాసు జరుగుతున్నంతసేపూ నేను ఫోన్లో ఇంకేదో చూస్తున్నాను.

నేను పుట్టిందీ పెరిగిందీ హైదరాబాద్‌లో. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ కలిపి మా ఇద్దరికి అప్పగించారు. రెండోవాడు మా కొలీగు, చెరుకుపల్లి మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. నేను గంటకోసారి ఎవరో ఒకరి మీద అరిచేదాన్ని. అతను నా వెనకే వచ్చి వాళ్లకి సర్దిచెప్పేవాడు. తెనాలి, బాపట్ల తను తీసుకుని, "రేపల్లె చిన్న ఊరండి, మీరు చూసుకోండి" అన్నాడు. రేపల్లెలో కూడా అంగళ్లు, రైసు మిల్లులు ముందే చేసిపెట్టాడు. నాకు మిగిలింది ఇళ్లు.

మూడు రోజులు రేపల్లె వీధులన్నీ తిరిగాను. ఏ ఇంట్లో చూసినా ఒకటే వరస. అరుగు మీద ఒక మామ్మ కూర్చుని ఉంటుంది.

"మీ ఇంట్లో ఉద్యోగం చేసేవాళ్లు ఎవరండి?"

"మా కోడలమ్మా."

"పిలుస్తారా?"

"తెనాలి పోయింది."

"మీ అబ్బాయి?"

"వాడు గుంటూరు."

"ఎప్పుడొస్తారు?"

"చీకటి పడ్డాక. వచ్చి అన్నం తిని పడుకుంటారు. అప్పుడు వచ్చి లేపుతావా ఏంటి?"

మూడో రోజు సాయంత్రానికి నా యాప్ లెక్క ప్రకారం రేపల్లె ఇళ్లలో ఉద్యోగస్తులే లేరు. అదే సంగతి కొలీగుతో గట్టిగానే అన్నాను. ఇది ఊరా, వెయిటింగ్ రూమా అని అడిగాను. అతను తాపీగా టీ తాగి, "రేపల్లె ఉద్యోగస్తులు రేపల్లెలో ఎందుకుంటారండి, పొద్దున బండిలో ఉంటారు. బండెక్కండి" అన్నాడు.

మర్నాడు పొద్దున రేపల్లె నుంచి తెనాలి వెళ్లే ప్యాసింజర్‌లో, ఆడవాళ్ల పెట్టె ఎక్కాను.

ఆ పెట్టె నేను చూసిన ఏ ఆఫీసు కన్నా పద్ధతిగా నడుస్తుంది. ఎవరి సీటు వాళ్లది, సీనియారిటీని బట్టి. కిటికీ పక్కన కూర్చోవాలంటే కనీసం పదేళ్ల సీజన్ టికెట్ ఉండాలి. కొత్తవాళ్లు తలుపు దగ్గర నిలబడాలి. రేపల్లెలో తలంటుకున్నవాళ్లు భట్టిప్రోలు వచ్చేసరికి తడి ఆర్చుకుని, వేమూరు దాటాక జడలు వేసుకుంటారు. ఒకళ్ల జడ ఇంకొకళ్లు, వాళ్ల జడ వెనకాళ్లు, అలా గొలుసులాగా. అందరి మధ్యలో ఒక హెడ్ క్లర్కు కూర్చుని ఉండేది. తెనాలిలో ఏదో ఆఫీసులో ఉద్యోగం, ఇరవై రెండేళ్లుగా అదే బండి, అదే సీటు. అందరూ ఆమెను పెద్దక్క అంటారు. పెద్దక్క ఊఁ అనేదాకా నా ప్రశ్నలకి ఒక్కరూ నోరు విప్పలేదు.

"ముందు నువ్వు చెప్పమ్మా. ఏ ఊరు?"

చెప్పాను.

"ఏం చదివావు?"

చెప్పాను.

"నీ ఉద్యోగం పర్మనెంటా?"

"కాదండి. ఆరు నెలల కాంట్రాక్టు."

పెట్టెలో సానుభూతిగా ఒక చప్పుడు లేచింది. "పాపం, కాంట్రాక్టు పిల్లంట," అని ఒక నర్సు తన డబ్బాలోంచి ఇడ్లీ తీసి నా చేతిలో పెట్టింది. "మా పర్మనెంటోళ్లని నువ్వు లెక్కపెడతావా," అని ఇంకొకామె నవ్వింది. పెద్దక్క అప్పుడు ఊఁ అంది.

అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. రైలు కదులుతుంటే యాప్ ఫారం తీసుకోదు. కదలకుండా ఉండాలి, సిగ్నల్ కూడా ఉండాలి. మధ్యలో స్టేషన్లలో బండి ఒక్క నిమిషం కూడా ఆగదు. తెనాలి ఇంకా కొంచెం దూరం ఉందనగా మాత్రం, ఔటర్ సిగ్నల్ దగ్గర, ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా రోజూ ఆగుతుంది. ఒక్కోరోజు పావుగంట, ఒక్కోరోజు ఇంకా ఎక్కువ. పట్టాలకి అటూ ఇటూ వరి చేలు. నెట్ బ్రహ్మాండంగా వచ్చేది. దారంతా కాగితం మీద రాసుకున్న జవాబుల్ని అక్కడ ఒక్కసారిగా ఎక్కించేదాన్ని.

ఫారం చివర "పనిచేసే చోటు" అని ఒక ప్రశ్న. దానికి రెండు దారులు. ఒకటి, ఆఫీసు పేరు, వీధి, తలుపు నంబరు, పిన్ కోడ్ టైపు చేయడం. రెండోది, "ఇక్కడే" అనే బటన్ నొక్కడం. మనుషుల్ని వాళ్లు పనిచేసే చోటికే వెళ్లి కలుస్తామని అనుకుని చేసిన బటన్ అది. బండి ఎప్పుడు కదులుతుందో తెలియదు, ఇంకా ఇరవై ఫారాలున్నాయి, పిన్ కోడ్ ఎవరికీ గుర్తులేదు. మొదటి రోజు ఒక్కదానికి "ఇక్కడే" నొక్కాను. తర్వాత సరిచేయొచ్చులే అనుకున్నాను. రెండు వారాలు అదే నొక్కాను. జాగ్రత్తగా వినండి, తర్వాత సరిచేయడం అనే రోజు ఏ ఉద్యోగంలోనూ రాదు.

మా మేనేజర్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. గొంతులో ఎప్పుడూ లేని ప్రేమ.

"ఏంటమ్మా ఇది, తెనాలి బయట ఒకచోట చుక్కలు గుట్టపడ్డాయి. టీచర్లు, నర్సులు, క్లర్కులు, అందరూ అక్కడే ఉన్నారు. జిల్లాలో ఇంకెక్కడా ఇలా లేదు. ఏముంది అక్కడ?"

అప్పుడు నేను కర్రీ పాయింట్ దగ్గర పప్పు కోసం లైన్లో నిలబడి, కాల్ స్పీకర్‌లో పెట్టి, అదే ఫోన్లో ఎవరితోనో మెసేజ్‌లో గొడవ పడుతున్నాను. సగమే విన్నాను.

"ఏవో ఆఫీసులుంటాయి సార్," అన్నాను.

ఆ ఒక్క మాట మీద రిపోర్టు తయారైంది. అందులో ఆ చోటికి "ఎదుగుతున్న ఉపాధి కేంద్రం" అని పేరు పెట్టారట. నాకది తెలియదు. నాకు తెలిసిన రోజు సోమవారం.

బండి ఔటర్లో ఆగింది. నేను తలవంచుకుని ఫారాలు ఎక్కిస్తున్నాను. చేలోంచి ఒకాయన గట్టెక్కి మా పెట్టె కిటికీ దగ్గరికొచ్చాడు. యాభై దాటిన మనిషి, లుంగీ పైకి కట్టి ఉంది, కాళ్లకి మోకాళ్ల దాకా బురద. రోజూ కనపడే మనిషే. ఆడవాళ్లు ఆయన్ని బాబాయ్ అని పలకరిస్తారు.

"అమ్మా, మీరంతా ఆఫీసుల్లో చేసేవాళ్లు. ఇక్కడేదో పెద్ద ఉపాధి కేంద్రం వచ్చిందంట. మీకేమన్నా తెలుసా?"

"ఎక్కడ బాబాయ్?" అంది పెద్దక్క.

"నా చేలో."

పెట్టె పెట్టంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు, కవర్లోంచి ఫోను తీసి, కిటికీ ఊచల మధ్య నుంచి ఒక ఫొటో చూపించాడు. మ్యాపు. పచ్చటి చేల మధ్యలో, పట్టాల పక్కన, ఎర్ర చుక్కల గుట్ట. ఆ రంగులు నాకు తెలుసు. మూలన మా కంపెనీ గుర్తు కూడా ఉంది.

ఆయన కౌలు రైతు. పొలం అసలు ఆసామి గుంటూరులో ఉంటాడు. ఈ మ్యాపు ఎవరి ద్వారానో ఆసామి ఫోనుకి చేరింది. వెంటనే బాబాయికి ఫోన్ చేసి, ఈ ఏడు మినుములు చల్లొద్దు, వరి కోసుకుని పొలం వదిలెయ్, ఆఫీసర్లు బుధవారం చూడ్డానికొస్తున్నారు, తర్వాత ప్లాట్లు వేస్తాను అని చెప్పాడట.

నాకు మినుముల సంగతి తెలియదు. పెద్దక్కే చెప్పింది. అక్కడ వరి కోతకి మూడు నాలుగు రోజుల ముందే, నేలలో ఇంకా తడి పదును ఉండగా, నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లుతారు. కోత అయ్యేసరికి అవి మొలుస్తాయి. మళ్లీ దున్నేది లేదు, నీళ్లు పెట్టేది లేదు.

"ఎప్పటిదాకా ఉండిద్ది బాబాయ్ పదును?" అని ఆమే అడిగింది.

"బుధవారం దాకా. గురువారానికి నేల బిగుసుకుపోద్ది. తర్వాత చల్లినా పిట్టలకే. వరి మీద వచ్చేది ఆసామికే పోద్దమ్మా. మాకు మిగిలేది మినుమే."

బండి కదిలింది. ఆయన గట్టు మీద కొంచెం దూరం పక్కనే నడిచి ఆగిపోయాడు. నేను పెద్దక్క వైపు చూడలేకపోయాను. చివరికి, "అక్కా, ఆ చుక్కలు మీరే," అన్నాను.

"మేమా?"

"మీరందరూ. నేను పెట్టాను."

చెప్పడం అయ్యేసరికి తెనాలి వచ్చింది. ఒక్కరూ తిట్టలేదు. నర్సు మాత్రం, "అయితే నేను ఆస్పత్రిలో కాకుండా వరిచేలో ఉద్యోగం చేస్తున్నానన్న మాట. బానే ఉంది, డాక్టరు అరవడు," అంటూ దిగింది.

ప్లాట్‌ఫారం మీద నుంచే మేనేజర్‌కి ఫోన్ చేశాను.

"ఆ చుక్కలు తీసెయ్యండి సార్. అక్కడేం లేదు, వరి ఉంది."

"యాప్‌లో చుక్క పెట్టడానికి బటన్ ఉందమ్మా. తీయడానికి లేదు."

"అయితే రిపోర్టు మార్చండి."

"పైకి వెళ్లిపోయింది. మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు లేదంటే ఎలా? బుధవారం ఇన్‌స్పెక్షన్‌కి నువ్వే వెళ్లి మేనేజ్ చెయ్."

"వరిచేలో ఆఫీసుల్ని ఎలా మేనేజ్ చేస్తారు సార్?"

"భవిష్యత్తులో వస్తాయని చెప్పు."

అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయను. అవి విని ప్లాట్‌ఫారం మీద పల్లీలమ్మే ఆమె గంప తీసుకుని దూరంగా జరిగింది.

బుధవారం పొద్దున్నే కొలీగు నన్ను తన బైకు మీద ఎక్కించుకుని చేను దగ్గరికి తీసుకెళ్లాడు. బాబాయి అప్పటికే గట్టు మీద ఉన్నాడు, పక్కన మినుముల మూట. ఆఫీసరు కారు డొంకలోకి రాలేక రోడ్డు మీదే ఆగింది. ఆయన బూట్లు చేత్తో పట్టుకుని గట్టు మీద నడిచి వచ్చాడు. టిఫిన్ చేయలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. చేతిలో ఒక ఫారం ఉంది.

"కేంద్రం ఎక్కడ?"

"లేదు సార్. నా పొరపాటు. అది చెప్పడానికే వచ్చాను."

"పొరపాటు అనే కాలమ్ నా దగ్గర లేదమ్మా. కేంద్రం పనివేళలు, ఉద్యోగుల హాజరు, తాగునీటి వసతి. ఈ మూడే రాయాలి."

"తాగునీరు కాలవలో ఉందండి," అన్నాడు మా కొలీగు. ఆయన రాసుకున్నాడు.

"పనివేళలు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బండి ఎంతసేపు ఆగితే అంతసేపు సార్." అదీ రాసుకున్నాడు.

అంతలో బండి వచ్చింది. సిగ్నల్ పడక, మా ఎదురుగా ఆడవాళ్ల పెట్టె సరిగ్గా ఆగింది. కిటికీల నిండా తలలు, సగం వేసిన జడలు.

"ఇదిగోండి సార్, మీ ఉద్యోగులు. మీరే అడగండి," అన్నాను.

ఆయన గట్టు మీద నిలబడి తల పైకెత్తాడు. "అమ్మా, మీరు ఇక్కడ పనిచేస్తారా?"

"ఇక్కడేం పనండి. జడలు వేసుకుంటాం," అంది పెద్దక్క.

"కానీ రోజూ వస్తారు?"

"ఇరవై రెండేళ్ల నుంచి వస్తున్నానండి."

"సెలవులు?"

"ఆదివారం రాము."

ఆయన నా వైపు తిరిగాడు. "హాజరు బాగానే ఉంది కదమ్మా."

పెద్దక్కకి విషయం అర్థమైంది. ఇరవై రెండేళ్లు ఆఫీసర్లతో వేగిన మనిషి. జడ వదిలేసి కిటికీకి దగ్గరగా జరిగింది.

"ఏమండీ, ఆ చేను ఆయన చేసుకునేది. ఇవాళ చల్లకపోతే ఇంక లేదు. ఇక్కడేం లేదని ఒక్క ముక్క రాసిస్తే ఆసామి ఊరుకుంటాడు."

"రాసివ్వడానికి నాకు అధికారం లేదమ్మా. రిపోర్టు పైనుంచి వచ్చింది. కాదని నేను సంతకం పెడితే రేపు నన్నడుగుతారు."

"మిమ్మల్ని ఎవరు కాదనమన్నారండి. ఆ అమ్మాయి రాస్తుంది. కింద మీరు 'చూశాను' అని పెట్టండి చాలు. 'చూశాను' అని రాసిన ఏ ఆఫీసరునీ ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. నా సర్వీసులో నేను చూడలేదు."

ఆఫీసరు ఆలోచించాడు. బండి కూత వేసింది. "తేదీ మాత్రం వెయ్యను," అన్నాడు.

"వెయ్యకండి, ఫొటో తీస్తే తేదీ ఫోన్లోనే ఉంటుంది," అంది ఆమె. బండి కదిలింది. ఆమె చెయ్యి కిటికీలోంచి బయటికి పెట్టి, రాయి రాయి అన్నట్టు నాకు సైగ చేస్తూనే వెళ్లింది.

కొలీగు వీపు బల్ల అయింది. రాశాను. ఈ చేలో ఆఫీసులు లేవని, ఉద్యోగస్తులు లేరని, మ్యాపు మీద చుక్కలన్నీ నేను ఆగి ఉన్న రైల్లో కూర్చుని పెట్టినవని, తప్పు నాదని. సంతకం పెట్టాను. కింద ఆఫీసరు "చూశాను" అని రాసి, ఎవరూ చదవలేని సంతకం ఒకటి గీసి, బూట్లు పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ కాగితాన్ని నా ఫోన్‌తో ఫొటో తీసి బాబాయి ఫోనుకి పంపితే, ఆయన ఆసామికి పంపాడు. ముగ్గురం ఆ ఫోను వంక చూస్తూ నిలబడ్డాం. నా జీవితంలో ఎంతోమంది జవాబుల కోసం ఫోన్ చూశాను గానీ, ఇంకొకళ్ల కోసం అలా చూడటం అదే మొదలు. కాసేపటికి ఆసామి దగ్గర్నుంచి వచ్చింది. "సరే చల్లుకో." అంతే.

బాబాయి మూట విప్పి మినుములు ఒళ్లో పోసుకుని వరిలోకి దిగాడు.

మేనేజర్‌కి కూడా ఆ ఫొటో నేనే పంపాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "తప్పు చేసినందుకు కాదమ్మా, తప్పులు అందరూ చేస్తారు. తప్పని రాసిచ్చావు చూడు, అందుకు," అన్నాడు. అతను ఫోన్ పెట్టేసరికి యాప్ నన్ను బయటికి తోసేసింది.

గట్టు మీద కూర్చున్నాను. ఎదురుగా ఆయన నడుస్తూ చల్లుతున్నాడు, గుప్పెడు తీయడం, విసరడం, ఒక అడుగు. నాకు వంకీ తిరిగే ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనపడలేదు. అప్పుడు తట్టింది. ఆ చోట ఇన్ని చుక్కలు పెట్టాను, అక్కడ నిజంగా పనిచేసే ఒక్క మనిషిని మాత్రం ఏమీ అడగలేదు.

"బాబాయ్, ఒక ఐదు నిమిషాలు. కొన్ని ప్రశ్నలు."

"ఖాళీ లేదమ్మా ఇప్పుడు," అన్నాడు తిరక్కుండానే.

ఎండ ముదిరేదాకా ఆగాను. కొలీగు టిఫిన్ తెస్తే అక్కడే తిన్నాం. చివరి మూల కూడా చల్లి, కాలవలో కాళ్లు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఇప్పుడడుగు."

యాప్ లేదు, ప్రశ్నలు నోటికొచ్చు. వరసగా అడిగాను. ఎప్పటి నుంచి ఈ పని, రోజుకి ఎన్ని గంటలు, ఇంకో పని ఏమైనా వచ్చా. ఆయన ప్రతిదానికీ ఆలోచించి జవాబు చెప్పాడు. నేను ఎక్కడా రాసుకోవట్లేదని గమనించాడో లేదో. పద్దెనిమిదో ప్రశ్న దగ్గరికొచ్చాం.

"వచ్చే ఆరు నెలలు ఇదే పనిలో ఉంటారా?"

ఆయన చేను వైపు చూశాడు. "అవి మొలవనీ. మొలిచాక చెప్తాను."

నేను ఆ సాయంత్రమే హైదరాబాద్ బండెక్కాను. రెండు వారాల తర్వాత కొలీగు ఒక ఫొటో పంపాడు. కోసిన వరి మోళ్ల మధ్య, రెండేసి ఆకులతో, చిన్న చిన్న మినప మొక్కలు. దాని కింద అతను రాసిన మాట ఇది: "బాబాయి ఉంటాడంటండి."